బట్టీ వీధి కాగులో ఉప్పు

అంగూస్తియాస్ గరిటెను ఇంతవరకూ ఎవరూ తూచలేదు. ఒకసారి ఆవిడ దాన్ని మా ఇంటి గోడకు ఆనించి బీన్సు ఏరుకుంటుంటే గోడే కాస్త వెనక్కి జరిగింది. నమ్మనివాళ్ళు స్పెయిన్‌లో మా ఊరు హుయార్ వచ్చి చూసుకోవచ్చు. గోడ ఇప్పటికీ వంకరగానే ఉంది.

ఆ గరిటె ఆవిడకు అత్తగారి నుంచి వచ్చింది, అత్తగారికి వాళ్ళ అత్తగారి నుంచి. జనవరిలో, పశువుల్ని కాచే సాన్ అంతోన్ పండగ ముందురోజు మా బట్టీ వీధివాళ్ళందరం ఒకే కాగులో వండుకుంటాం. ఒక ఇంటి నుంచి ఎండు బీన్సు, ఒక ఇంటి నుంచి పంది చెవులు, ఇంకో ఇంటి నుంచి తోకా కాళ్ళూ, ఉప్పులో ఊరేసిన వెన్నెముకలు, ఏమీ లేనివాళ్ళ నుంచి కొండ మీద కోసుకొచ్చిన సోపు ఆకులు. వీధి మధ్యలో మంట వేస్తాం. మంట మీద రాగి కాగు పెడతాం. కాగు అందరిదీ గానీ గరిటె ఒక్కరిదే. గరిటె పట్టినావిడ రుచి చూసి తల ఊపేదాకా ఎవరూ గిన్నె చాపకూడదు. ఫాదర్ గారైనా సరే.

ఈ వంటలో కిటుకంతా ఎముకల్లో ఉంది. అవి ఉప్పుతో గట్టిపడి ఉంటాయి. ముందురోజే నీళ్ళలో వేసి, నీళ్ళు మార్చి, మళ్ళీ మార్చి, ఆ నీటిని నాలుక మీద వేసుకుని చూడాలి. ఒక మార్పు తక్కువైతే కాగంతా ఉప్పుకషాయం, ఒకటి ఎక్కువైతే గోరువెచ్చని వాననీరు. దీనికి కొలత లేదు. నాలుకే కొలత.

అంగూస్తియాస్ పై కొండ మీది పల్లెలో పుట్టింది. గుమెర్సిందో అనే కంచరగాడిదలవాడిని చేసుకుని, ఆయన గాడిద మీదే కూర్చుని మా వీధికి కాపురానికి వచ్చింది. గుమెర్సిందో ఎంత మితభాషి అంటే, పెళ్ళిలో "ఒప్పుకుంటున్నాను" అనడానికి ఆయనకు మధ్యాహ్నం దాకా పట్టింది, ఈలోగా ఫాదర్ గారు ఒక కునుకు తీశారు. పిల్లలు లేరు. ఆయన పోయాక ఆ ఇంట్లో చప్పుడు లేకుండా పోయింది. పాత నూనె గానుగలో పరదేశులకు స్పానిష్ నేర్పే బడి పెట్టినప్పుడు, అద్దెకు గదులున్నవాళ్ళెవరని అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తింది అంగూస్తియాస్. అంత అవసరం ఏమొచ్చిందని మేం అడిగాం. ఇంట్లో ఇంకో చెంచా చప్పుడు కావాలి, అంతే, అంది.

అప్పటినుంచి ఆవిడ బల్ల దగ్గర చలిదేశాలవాళ్ళు ఎంతమంది తిన్నారో. బడిలో మొదటి పాఠంలోనే వాళ్ళకు "చాలా బాగుంది" అనే మాట నేర్పుతారు. రెండో పాఠం వచ్చేదాకా వాళ్ళ దగ్గర ఉండేది ఆ ఒక్క మాటే. పప్పు పెట్టినా చాలా బాగుందనేవాళ్ళు, పక్క మీద దుప్పటి మార్చినా చాలా బాగుందనేవాళ్ళు. ఒకాయన దంతం ఊడితే కూడా అదే అన్నాడు.

ఊళ్ళో అందరికీ జ్వరాలు తగిలిన చలికాలంలో అంగూస్తియాస్ కూడా మంచం పట్టింది. లేచింది గానీ, కాఫీ కాచుకుంటే వాసన రాలేదు. ఉల్లిపాయ కొరికితే నీళ్ళు నమిలినట్టుంది. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చేతులకు అన్నీ గుర్తుంటాయిలే అనుకుంది. బల్ల దగ్గర కూర్చున్న పరదేశులు ఎప్పటిలాగే చాలా బాగుందంటున్నారు కదా, ఇంకేం కావాలి?

చేతులకు గుర్తు లేదు. ఆ మరుసటి పండగకి కాగు దించేసరికి మా నోళ్ళు మండిపోయాయి. ఒక్కరం కూడా నోరు విప్పలేదు. సిస్టర్ల బడిలో మాకు నేర్పిన మర్యాద అది: పెట్టిన చెయ్యి చూస్తుండగా మొహం చిట్లించకూడదు. బాగా నమిలి, బాగా వైన్ తాగి, బాగుందని మెచ్చుకుని ఇళ్ళకు పోయాం. మిగిలింది నా గాడిదకు పోస్తే అది తిని, చెరువుగట్టు ఊటనీరంతా తాగేసింది. మార్చి దాకా ఊళ్ళో ఎవరికీ స్నానాల్లేవు.

తర్వాతి నవంబరులో వచ్చింది ఆ లిథువేనియా పిల్ల. పేరు ఉగ్నే. ఆ పేరు మా నోటికి పట్టక మొదటి రోజే ఇనెస్ అని పిలవడం మొదలుపెట్టాం, ఆ పిల్లా పలికింది. వాళ్ళ ఊళ్ళో పళ్ళ సెట్లు తయారుచేసే పనట. మాట్లాడుతుంటే మన కళ్ళలోకి కాక పళ్ళలోకి చూసేది. వీపు మీద తన కంటే పెద్ద సంచి. అది గుమ్మంలో దించితే మా పిల్లి దాన్ని ఎక్కడానికి రెండు చోట్ల ఆగి ఊపిరి పీల్చుకుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా బడి, శనివారం తెల్లవారగానే సంచి ఎత్తుకుని కొండల్లోకి ఒంటరి నడక, ఆదివారం సాయంత్రానికి బురద కాళ్ళతో తిరిగి రావడం. ఒంటరిగా భయం లేదా అని మా ఆడవాళ్ళు అడిగితే, నడవడానికి ఇంకో మనిషి ఎందుకు, మాట్లాడడానికైతే కావాలి, అంది.

ఎందుకు నేర్చుకుంటున్నావీ భాష, అని అడిగితే చెప్పింది. అంతకుముందు జనవరిలో ఇలాగే ఒంటరిగా ఈ కొండల్లో నడిచిందట. తెలిసిన మాటలు మూడే: థాంక్స్, చాలా బాగుంది, వెళ్ళొస్తాను. అవతలి లోయలో ఒక ఊట దగ్గర ఒక ముసలావిడ ఈ పిల్ల చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. పిల్ల ఆ మూడు మాటలూ వరసగా చెప్పేసి చెయ్యి విడిపించుకుని వచ్చేసింది. ఆవిడ ఏం చెప్పిందో తెలియక ఏడాదంతా నిద్ర పట్టలేదట.

అంగూస్తియాస్ బల్ల దగ్గర కూడా ఇనెస్ చాలా బాగుందనే అనేది. కానీ రొట్టె ఎక్కువ తినేది, నీళ్ళు జగ్గుకు జగ్గు తాగేది. క్రిస్మస్ నాటికి పిల్ల చెంపలు లోపలికి పోయాయి.

జనవరి వచ్చింది. చలికాలంలో మా వీధివాళ్ళం మధ్యాహ్నాలు చర్చి దక్షిణపు గోడకు వీపులు ఆనించి ఎండ కాచుకుంటాం. ఆ గోడ దగ్గరే ఊరి సంగతులన్నీ తేలతాయి. ఆ ఏడు తేలవలసింది ఒకటే: అంగూస్తియాస్‌కు ఆ ఉప్పు సంగతి ఎవరు చెప్పాలి? బ్రీహిదా చెప్పడానికి వీల్లేదు. బ్రీహిదా ఎదురింటావిడ. ఆ గరిటె కోసం పెళ్ళైనప్పటి నుంచి ఎదురుచూస్తోంది, కాబట్టి ఆవిడ చెబితే కుళ్ళు అంటారు. నేను చెప్పలేను, నేను నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. అప్పుడు బ్రీహిదాయే ఒక దారి చెప్పింది: పరదేశి పిల్లతో చెప్పిద్దాం, అంగూస్తియాస్‌కు కోపం వస్తే పాపం పిల్లకు భాష రాదు, ఏదో అనబోయి ఏదో అందని సర్దేద్దాం.

మా ఊళ్ళో తెలివితేటలకు కొదవలేదు. అందరం ఒప్పుకున్నాం. ఇనెస్‌ను గోడ దగ్గర మా మధ్యలో కూర్చోబెట్టి, ఒక నారింజ ఒలిచి చేతిలో పెట్టి, మాట నేర్పాం: "సెన్యోరా, ఈ ఏడు గరిటె బ్రీహిదా గారికిస్తే మీకు విశ్రాంతిగా ఉంటుంది." ఇందులో "గారు" పెట్టమని పట్టుబట్టింది బ్రీహిదాయే. పిల్ల నారింజ తింటూ మా పళ్ళన్నీ ఒకసారి చూసి, సరే అంది. ఆ శనివారం కొండ మీద నడుస్తూ ఆ మాటే వల్లెవేస్తుంటే మేకలు కూడా నేర్చుకున్నాయని మేకల కాపరి చెప్పాడు.

సోమవారం మధ్యాహ్నం వంటింట్లో జరిగింది తర్వాత అంగూస్తియాస్ నోటే విన్నాను. నేను కలిపింది చాలా తక్కువ.

అంగూస్తియాస్ పప్పు వడ్డించి ఎదురుగా కూర్చుంది. పిల్ల ఒక చెంచా నోట్లో పెట్టుకుని చెంచా కింద పెట్టేసింది.

"అమ్మా, నాకు ఒక మాట నేర్పి పంపించారు. అది నేను చెప్పను."

"చెప్పనిదానికి మొహం అలా పెట్టావేం? తిను, చల్లారిపోద్ది."

"పప్పు ఉప్పగా ఉంది."

"తప్పు మాట్లాడుతున్నావ్ పిల్లా. చాలా బాగుంది అనాలి."

"ఆ మాట నాకు వచ్చు. వచ్చినప్పటి నుంచి అదే అంటున్నా. ఇవాళ ఉప్పగా ఉంది. నిన్నటి సూప్‌లో ఉప్పే లేదు. మొన్నటి చేప... దానికి నా దగ్గర మాట లేదు."

అంగూస్తియాస్ లేచి పిల్ల ముందున్న పళ్ళెం తీసుకుపోయి సింకులో పెట్టింది. అటు తిరిగే అడిగింది.

"ఎవరు పంపించారు?"

"ఎండ గోడ దగ్గరివాళ్ళు."

"బ్రీహిదా కూడానా?"

"ఆవిడే మొదలుపెట్టింది."

అంగూస్తియాస్ చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఆ జ్వరం వచ్చినప్పటి నుంచి నాలుక మీద ఏదీ నిలవడం లేదని, ఉప్పైనా పంచదారైనా గోడ సున్నమైనా తనకు ఒకటేనని మొదటిసారి ఒక మనిషికి చెప్పింది.

"మరి వీళ్ళకు ఎందుకు చెప్పలేదు?" అంది పిల్ల.

"చెబితే గరిటె పోద్ది. గరిటె పోతే ఈ వీధిలో నేనెవర్ని తల్లీ? గుమెర్సిందో పెళ్ళాన్ని. ఆయన్ని కూడా మర్చిపోయారు."

ఓదార్చే మాటలు పిల్లకు ఇంకా ఏ పాఠంలోనూ రాలేదు. అంగూస్తియాస్ లేచి సింకులోంచి ఆ పళ్ళెమే తెచ్చి మళ్ళీ ముందు పెట్టింది.

"ఎంత ఉప్పగా ఉంది?"

"చాలా."

"చాలా అని గాడిద కూడా అంటది. ఎంత? కన్నీళ్ళంతా, చెమటంతా, సముద్రమంతా?"

పిల్ల ఇంకో చెంచా తిని, కళ్ళు మూసుకుని ఆలోచించింది. "ఎండలో కొండెక్కినప్పటి చెమట," అంది.

"ఇప్పుడు తెలిసింది," అంది అంగూస్తియాస్. రెండేళ్ళలో ఆవిడకు మొదటిసారి తన వంట రుచి తెలిసింది.

అక్కడి నుంచి మొదలైంది అసలు బడి. పొద్దున గానుగలో పాఠం, మధ్యాహ్నం అంగూస్తియాస్ వంటింట్లో పాఠం. పులుసుకు కన్నీళ్ళంత ఉప్పు సరైనది, చెమటంతైతే బంగాళాదుంప వెయ్యాలి, సముద్రమంతైతే పారబోసి నోరు మూసుకోవాలి. పులుపు అంటే సరిపోదు, పచ్చి నారింజ పులుపా, పులిసిన వైన్ పులుపా, మేనత్త మాటల పులుపా చెప్పాలి. చప్పన అంటే ఆదివారం ప్రసంగమంత చప్పనా, మంచి కబురులేని ఫోన్ కాల్ అంత చప్పనా? పిల్ల రుచి చూసి చెప్పేది, అంగూస్తియాస్ విని చెయ్యి వేసేది. తప్పు మాట వాడితే పళ్ళెం లాగేసేది, సరైన మాట దొరికేదాకా అన్నం లేదు. ఏ బడిలోనైనా పిల్లలు ఇంత త్వరగా నేర్చుకోవడం నేను చూడలేదు. మా కాలంలో సిస్టర్లకు ఈ పద్ధతి తెలిసి ఉంటే నేను కార్డినల్ అయ్యుండేవాణ్ణి.

శనివారాలు నడిచి వచ్చి, దారిలో తిన్నవన్నీ పిల్ల చెప్పేది. పొగ పట్టిన మేకపాల జున్ను, రాతి సందులోని సోపు ఆకు, మంచులో పడి కాస్త కుళ్ళిన ఆపిల్. అంగూస్తియాస్ చేతులు ఒళ్ళో పెట్టుకుని వినేది. తను తినలేనివన్నీ ఆ పిల్ల నోటి నుంచి తినేది. పిల్ల చెంపలు మళ్ళీ నిండాయి. బడిలో మాస్టారు మాత్రం హడలిపోయాడు. నీకెలా ఉంది ఇవాళ అని అడిగితే, మేనత్త మాటలంత పుల్లగా ఉందని ఈ పిల్ల జవాబు చెప్పిందట.

ఒక్క చిక్కు ఉంది. తన దేశం వెళ్ళే విమానానికి ముందు మిగిలిన రోజుల్లో ఇనెస్ అవతలి లోయకు నడిచి వెళ్ళాలి. ఆ ఊట దగ్గరి ముసలావిడను వెతికి, ఏం చెప్పావని అడగాలి. అందుకోసమే కదా ఇన్నాళ్ళు చదివింది. నడకంతా లెక్కవేసుకుంటే సరిగ్గా మా కాగు రోజు పొద్దున్నే బయలుదేరాలి. అప్పటికి ఎముకల నీళ్ళు మార్చడం అయిపోతుంది గానీ కాగు ఇంకా పొయ్యి ఎక్కదు.

ఎముకల నీళ్ళు పిల్లే చూసింది. మొదటి నీరు సముద్రం, రెండోది చెమట, తెల్లవారాక చూసిన చివరిది "ఆవులించినప్పుడు వచ్చే కన్నీరు," అంది. అంగూస్తియాస్ నీళ్ళు వంపేసింది. పిల్ల సంచి ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడింది గానీ కదల్లేదు. తను ఉండిపోతానని, ముసలావిడను వచ్చే ఏడు చూసుకుంటానని చెప్పింది.

"వచ్చే ఏడు దాకా ఆవిడ నీ కోసం ఊట దగ్గరే కూర్చుంటదనుకున్నావా? నడువు. కాగు దగ్గర నోరున్నవాళ్ళకు కరువా?"

పిల్ల ఆవిడ రెండు చెంపల మీదా ముద్దు పెట్టి, వీధి దిగి వెళ్ళిపోయింది. ఆ సంచి మలుపు తిరిగేదాకా అంగూస్తియాస్ గుమ్మంలోనే ఉంది.

మధ్యాహ్నానికి వీధంతా మంట చుట్టూ చేరాం. బీన్సు మెత్తబడ్డాయి, చెవులు కరిగాయి, సోపు వాసన గాలిలో నిండింది. ఆ వాసనకు గోడ మీది బొమ్మలో సాన్ అంతోన్ పక్కనున్న పంది కూడా ముక్కు అటు తిప్పింది. అది తన చుట్టాల వాసనని దానికి తెలియదు పాపం. బ్రీహిదా కొత్త ఏప్రన్ కట్టుకుని వచ్చింది. ఏప్రన్ కింద ఏదో పొడుగాటి వస్తువు ఉందని అందరికీ కనిపిస్తోంది. ఇనెస్ మా మాట చెప్పేసిందని, అంగూస్తియాస్ ఏ నిమిషంలోనైనా గరిటె దించుతుందని మేం అనుకుంటున్నాం.

అంగూస్తియాస్ కలుపుతూనే ఉంది. ఉప్పు డబ్బా పక్కనే ఉంది, ఆవిడ చెయ్యి అటు వెళ్ళి వెనక్కి వస్తోంది. సాయంత్రం కాబోతుండగా ఆవిడ జేబులో ఫోన్ మోగింది. చేతులు జిడ్డుగా ఉండడంతో నన్నే తీసి స్పీకర్ పెట్టమంది. ఇనెస్.

"అమ్మా, ఆవిడ దొరికింది. నన్ను గుర్తుపట్టింది కూడా."

"ఏం చెప్పిందట?"

"ఆ రోజు కూడా వాళ్ళ ఊళ్ళో కాగు పెట్టారంట. వచ్చి మాతో తిను, ఇంత చలిలో ఒంటరిగా పోకు అని చెప్పిందంట. నేను చాలా బాగుంది, వెళ్ళొస్తాను అన్నాను. ఇప్పుడు వాళ్ళ గిన్నె నా చేతిలో ఉంది. అక్కడ రుచి ఎవరు చూస్తున్నారు?"

అంగూస్తియాస్ మా అందరి మొహాలూ చూసింది.

"ఇక్కడ బోలెడుమంది ఉన్నారు. నువ్వు వేడివేడిగా తిను," అంది. ఫోన్ కట్టేయమని నాకు సైగ చేసింది.

తర్వాత చెంచా తీసి కాగులో ముంచి, వీధిలో అందరినీ వదిలేసి బ్రీహిదా ముందు పట్టింది.

"నాకు రుచి తెలియట్లేదు. ఆ జ్వరం నుంచీ. మీకందరికీ తెలుసని ఈ మధ్యే తెలిసింది. ఒసే బ్రీహిదా, ఈ వీధిలో నన్ను పొగడాలని లేనిదానివి నువ్వొక్కదానివే. చూసి చెప్పు."

బ్రీహిదా చెంచా అందుకుంది. ఆవిడ ఒక్క అబద్ధం ఆడితే చాలు, కాగు పాడై, గరిటె ఆవిడదే అవుతుంది. బ్రీహిదా ఊది, నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు చాలదు."

"ఎంత చాలదు?"

"కొంచెం."

"కొంచెం అని గాడిద కూడా అంటది. సరిగ్గా చెప్పు. కన్నీళ్ళంత ఉందా?"

పుట్టినప్పటి నుంచి మాటల కోసం వెతుక్కోని బ్రీహిదా ఆ రోజు నిజంగానే వెతుక్కుంది. ఇంకో చెంచా తాగింది. పైకి చూసింది, కిందికి చూసింది.

"మా అన్న పెళ్ళిలో నువ్వు ఏడ్చినట్టు నటించావే. ఆ కన్నీళ్ళంత ఉంది."

"అంటే అసలు లేదన్నమాట," అంది అంగూస్తియాస్. గుప్పెడు తీసి, దానిలో సగం వేసి, అడుగు నుంచి కలిపింది. మళ్ళీ చెంచా ఇచ్చింది. "ఇప్పుడో?"

బ్రీహిదా ఈసారి చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది.

"ఇప్పుడు గుమెర్సిందో పోయిననాటివి," అంది.

అంగూస్తియాస్ తల ఊపింది. మేం గిన్నెలు చాపాం. బ్రీహిదా ఏప్రన్ కింది నుంచి తన గరిటె తీసి, ఎవరూ ఏమీ అనకముందే, కాగుకు అటువైపు నిలబడి వడ్డించడం మొదలుపెట్టింది.